మా గట్ల మీద నారింజ రంగు తీగలు: గ్యాసు బావి పడితే మంచిదా, చెడ్డదా?

కంకిపాడు శ్రీను | ఆదివారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. నేను విజయవాడ లబ్బీపేటలో ఒక ఆడిటరు గారి దగ్గర పని చేస్తాను. మా నాన్నగారు కంకిపాడు అవతల మూడెకరాల మాగాణి సాగు చేస్తున్నారు. వరి కోత అయ్యాక మినుము చల్లారు, ఇప్పుడు నాలుగాకుల మీద ఉంది. మంగళవారం పొద్దున్నే ఫోను. "ఎవరో మన గట్ల మీద తీగలు పరుస్తున్నారురా, ఒకసారి వచ్చి చూడు" అన్నారు.

వెళ్లి చూస్తే పాతికమంది కుర్రాళ్లు, రెండు జీపులు, ట్రాక్టరుకు బిగించిన చిన్న బోరు యంత్రం. పొలాల మీదుగా కనుచూపు మేర నారింజ రంగు తీగ. దానికి కొంత దూరానికొకటి చొప్పున అరచేతిలో పట్టేంత డబ్బా, దాని అడుగున మేకు. ఆ మేకును మట్టిలో గుచ్చి, పైన ఒకసారి కాలితో తొక్కి ముందుకు పోతున్నారు. తొక్కేది డబ్బానే అయినా రెండో కాలు పడేది మినుము మీద. "భూమిలో చమురు, గ్యాసు ఉన్నాయేమో చూస్తున్నాం సార్" అన్నాడు ఒక అబ్బాయి. కాగితం అడిగితే పెద్ద సారు దగ్గర ఉందన్నాడు. పెద్ద సారు జీపులో ఉన్నారు, జీపు అప్పటికే వెళ్లిపోయింది. తొక్కిన మేరకు పరిహారం ఇస్తారట. ఎంత మేర తొక్కారో ఎవరు కొలుస్తారన్నది మాత్రం తేలలేదు.

అసలు గొడవ సాయంత్రం రామాలయం అరుగు మీద మొదలైంది. పక్క చేను పెదనాన్న ఆ కుర్రాళ్లకు బిందెడు మజ్జిగ కలిపి పోశారు. బావి పడితే ఊరి దశ తిరుగుతుందని ఆయన నమ్మకం. "మజ్జిగ పోసింది నువ్వు, తొక్కుడు పడింది నా చేను" అన్నారు మా నాన్న. ఇద్దరూ అయిదు రోజులుగా మాట్లాడుకోవడం లేదు.

మన ఊళ్ల దగ్గర బావులు పడితే మీకు సమ్మతమేనా? విజయవాడ, గుంటూరు వైపు వాళ్ల మనసులో ఏముందో తెలుసుకోవాలని రాస్తున్నాను.

ఆటోనగర్ మస్తాన్ | ఆదివారం, రాత్రి 8:58

నాకు సమ్మతమే శ్రీను గారూ, దాచుకునేది ఏమీ లేదు. నేను ఆటోలకు సీఎన్‌జీ కిట్లు బిగిస్తాను. నా ఇల్లు ఆ గ్యాసు మీద గడుస్తోంది. కిరోసిన్ కలిపిన పెట్రోలు పొగతో ఏలూరు రోడ్డు మీద కళ్లు మండిన రోజులు మా వయసు వాళ్లకు గుర్తుంటాయి. ఇప్పుడు అర్ధరాత్రి దాటాక బంకు దగ్గరికి వచ్చి చూడండి, గ్యాసు కోసం ఆటోలు ఎంత దూరం బారులు తీరి ఉంటాయో. డ్రైవరు వెనక సీట్లో కాళ్లు ముడుచుకుని పడుకుంటాడు, ముందున్న బండి కదిలితే వెనకవాడు లేపుతాడు.

నా బాధ వేరే. మన దగ్గర పుట్టిన గ్యాసు కాకినాడ దగ్గర గాడిమొగలో ఒడ్డుకు చేరి, అక్కడి నుంచి గొట్టంలో గుజరాత్‌లోని భరూచ్ దాకా పోతుంది. మనవాడేమో బంకు దగ్గర నిద్రపోతాడు. బావులు తవ్వనివ్వండి, ముందు మనకివ్వమనండి.

అమలాపురం కోడలు | ఆదివారం, రాత్రి 9:31

పుట్టింది అమలాపురం దగ్గర, మెట్టింది విజయవాడ సత్యనారాయణపురం. మా వాళ్లు ఈ మాట ఎత్తితే నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోతాను. ఇక్కడ మాత్రం రాస్తాను.

1995 జనవరి 8న పాశర్లపూడి గ్యాసు బావి అదుపు తప్పి అంటుకుంది. అప్పుడు నేను ఆరో తరగతి. మంట 65 రోజులు ఆరలేదు, మార్చి 15న గానీ మూత పడలేదు. పేపర్లో చదివినవాళ్లకు మంట తెలుసు, మాకు తెలిసింది శబ్దం. విమానం ఇంటి మీద ఆగి కదలకుండా ఉంటే ఎలా ఉంటుందో అలా, పగలూ రాత్రీ. అరల్లో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతూ ఉండేవి. మా నాయనమ్మ వాటి మధ్య పాత చీర ముక్కలు పెట్టింది. రాత్రి పెరట్లోకి వెళితే కొబ్బరాకుల నీడలు నేల మీద కదిలేవి, చంద్రుడు లేని రోజుల్లో కూడా. కోళ్లు ఎప్పుడు కూయాలో తెలియక ఎప్పుడంటే అప్పుడు కూసేవి. మాకు నవ్వొచ్చేది, నాయనమ్మకు కాదు.

తర్వాత 2014 జూన్ 27, మా వైపే నగరం అనే ఊరు. తెల్లవారుజామున గొట్టం పగిలి గ్యాసు ఊరంతా పరుచుకుని ఒక్కసారిగా అంటుకుంది. 20 మందికి పైగా పోయారు. మా పిన్ని వాళ్ల వీధిలో పుట్టింటికి పురిటికి వచ్చిన అమ్మాయి ఉంది. అంతకన్నా రాయలేను.

మస్తాన్ గారూ, ఒక్క మాట. ఆ పగిలిన గొట్టం ఎక్కడికి పోతోందో తెలుసా? మన కొండపల్లి విద్యుత్ కేంద్రానికి. ఆ ఏళ్లలో నేను ఇక్కడ ఫ్యాను కింద కూర్చున్నాను.

బందరు రోడ్డు బాటసారి | ఆదివారం, రాత్రి 9:40

అమ్మా, చదివి కాసేపు ఏమీ తోచలేదు.

గవర్నరుపేట కుర్రాడు | ఆదివారం, రాత్రి 9:52

బాధాకరమే గానీ, ప్రమాదం జరిగిందని పరిశ్రమ వద్దంటే ఎలా? రోడ్డు ప్రమాదాలు జరుగుతున్నాయని బస్సులు ఆపేశామా? ప్రతిదానికీ అడ్డుపడితే మన పిల్లలు బెంగళూరు పోవాల్సిందే. చమురు శుద్ధి కర్మాగారం మచిలీపట్నానికి రావాలని మనమే అడిగాం, రామాయపట్నం వైపు వెళితే చిన్నబోయాం. బావి అనేసరికి మాత్రం ఉలిక్కిపడుతున్నాం.

అమలాపురం కోడలు | ఆదివారం, రాత్రి 10:04

బాబూ, నేను వద్దనలేదు. మళ్లీ ఒకసారి చదువు.

పాత డ్రిల్లర్ | ఆదివారం, రాత్రి 10:47

ముప్పై ఏళ్లు చమురు బావులు తవ్వే రిగ్గుల మీద పని చేసి, ఇప్పుడు గొల్లపూడిలో మనవలను బడికి దింపుతున్నాను. రెండు వైపులా తప్పులున్నాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

శ్రీను గారూ, మీ చేలో జరిగింది సెస్మిక్ సర్వే. చిన్న బోరు వేసి, అడుగున కొద్దిపాటి మందుగుండు పెట్టి పేలుస్తారు. ఆ అదురు భూమి లోపలికి పోయి, రాతి పొరలకు తగిలి తిరిగి వస్తుంది. మేకు డబ్బాలు ఆ ప్రతిధ్వనిని వింటాయి. డాక్టరు వీపు మీద వేళ్లతో తట్టి వింటాడు చూడండి, అదే పని. సర్వే జరిగినంత మాత్రాన బావి పడదు. సర్వే చేసిన చోట్లలో బావి పడేవి కొన్నే, బావుల్లో ఏదైనా దొరికేవి ఇంకా కొన్నే. మీ పెదనాన్న గారిని మజ్జిగ విషయంలో తొందరపడవద్దనండి.

బావి అంటే మన ఊరి బావి కాదు. ఈ కృష్ణా గోదావరి బేసిన్‌లో, అంటే రెండు నదుల డెల్టాలు, పక్కనున్న సముద్రం కింది రాతి పొరల్లో, ఒక్కో బావి 3, 4 వేల మీటర్లు దిగుతుంది. కొంత తవ్వగానే ఉక్కు గొట్టం దించి, దానికీ మట్టికీ మధ్య సిమెంటు పోస్తాం. మళ్లీ కొంత తవ్వి, అంతకన్నా సన్న గొట్టం దించి మళ్లీ సిమెంటు. తాగే నీరున్న పొరలు పైన ఉంటాయి, వాటిని మొదటి గొట్టాలే మూసేస్తాయి. లోపలి ఒత్తిడిని అణచడానికి బురద ద్రవం పోస్తూ ఉంటాం, దాని బరువే మా ప్రాణం. బరువు తగ్గితే గ్యాసు పైకి తంతుంది. అప్పుడు నోరు మూయడానికి బావి పైన బ్లో అవుట్ ప్రివెంటర్ ఉంటుంది. మన బేసిన్‌లో వేడీ ఎక్కువ, ఒత్తిడీ ఎక్కువ. ఇక్కడ పని చేసినవాడు ఎక్కడైనా చేయగలడనేవారు మా రోజుల్లో.

పాశర్లపూడి మా వృత్తికి మచ్చ. విదేశీ నిపుణులను కూడా పిలిపించి ఆర్పవలసి వచ్చింది. నగరం కథ దానికి పూర్తిగా వేరు, ఈ రెండింటినీ కలిపి మాట్లాడుతుంటే నాకు నచ్చదు. ఒకటి బావి, ఒకటి గొట్టం. నగరం గొట్టం పొడి గ్యాసు కోసం వేసింది. దానిలో నీటి తడితో ఉన్న గ్యాసు ఏళ్ల తరబడి పంపారు. తడి లోపలి నుంచి ఇనుమును తినేసింది. విచారణ సంఘం తేల్చింది కూడా ఇదే. ఆ తడిని తీసేయడానికి యంత్రాలుంటాయి, పెట్టలేదు. బావి అదుపు తప్పితే ప్రకృతిని అనవచ్చు. తుప్పును మాత్రం ఎవరి మీదకూ నెట్టలేం, అది క్యాలెండరు చూసుకుని వస్తుంది.

పటమట వంటిల్లు | సోమవారం, ఉదయం 7:15

మా అపార్టుమెంటులో 24 ఇళ్లు. వంటగ్యాసు గొట్టం వేయించుకుందామా అని సమావేశం పెడితే నగరం ప్రమాదం గుర్తుచేసి ఏడుగురు వద్దన్నారు. వేశాక ఆ ఏడుగురిలో ఆరుగురు తీసుకున్నారు. ఏడో ఆవిడ ఇప్పటికీ సిలిండరే, మేము పండక్కి పిండివంటలు చేస్తుంటే గుమ్మం దగ్గర నిలబడి వాసన చూసి వెళుతుంది. గ్యాసు వాసన అండీ, అరిసెల వాసన కాదు.

డ్రిల్లర్ గారూ, నాదో సందేహం. ఇంటికి వచ్చే గ్యాసు లీకైతే వాసన వస్తుంది. ఊళ్ల మీదుగా పోయే పెద్ద గొట్టంలోదీ అలాగే వస్తుందా?

పాత డ్రిల్లర్ | సోమవారం, ఉదయం 8:02

మంచి ప్రశ్న అమ్మా. సహజవాయువుకు తనంతట వాసన లేదు. ఇళ్లకు ఇచ్చే ముందు మెర్కాప్టాన్ అనే మందు చుక్కలు కలుపుతారు, కుళ్లిన గుడ్డు వాసన దానిదే. దూరం పోయే పెద్ద లైన్లలో చాలాచోట్ల కలపరు. ఇంకొకటి, సిలిండరు గ్యాసు గాలికన్నా బరువు, నేల మీద పాకుతుంది. గొట్టం గ్యాసులో ఎక్కువ భాగం మీథేను, గాలికన్నా తేలిక, కిటికీ తెరిస్తే పైకి పోతుంది. ఆ ఏడో ఆవిడకు ఇది చెప్పండి.

అరండల్‌పేట వకీలు | సోమవారం, ఉదయం 10:20

గుంటూరు నుంచి నమస్కారం. కోర్టుకు వెళ్లే ముందు రాస్తున్నాను, అచ్చుతప్పులుంటే మన్నించాలి.

మన రైతులు బావిని, గొట్టాన్ని ఒకే గాటన కడతారు. చట్టానికి అవి రెండు వేరు. బావికి సాధారణంగా కొన్ని ఎకరాలు లీజుకు తీసుకుంటారు. ఏమీ దొరకకపోతే చదును చేసి తిరిగి ఇస్తారు. ఆ లీజు కాగితంలో పై మట్టిని విడిగా తీసి దాచి మళ్లీ పరుస్తారా లేదా అన్న ఒక్క వాక్యం కోసం వెతకండి. అది లేకపోతే మీకు తిరిగి వచ్చేది పొలం కాదు, కంకర దిబ్బ.

గొట్టానికి 1962 నాటి పెట్రోలియం పైపులైన్ల చట్టం వర్తిస్తుంది. భూమి మీ పేరునే ఉంటుంది, వాడుకునే హక్కు వాళ్లకు పోతుంది. ఆ పట్టీ మీద వరి, మినుము వేసుకోవచ్చు. ఇల్లు కట్టకూడదు, బావి, చెరువు తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. పంట నష్టం కాకుండా దీనికి ఇచ్చేది నోటిఫికేషన్ నాటి మార్కెట్ విలువలో 10 శాతం. అభ్యంతరం చెప్పడానికి గడువు 21 రోజులు. నా దగ్గరకు వచ్చేవాళ్లు చాలామంది 22వ రోజు తర్వాతే వస్తారు. గెజిట్ కాగితం మిర్చి యార్డులో ధరల బోర్డు మీద అతికిస్తే చదివేవారేమో.

పది శాతం 1962లో ఎలా ఉండేదో నాకు తెలియదు గానీ, రాజధాని ప్రాంతంలో గజం లెక్కన అమ్ముకునే నేలకు ఇది ఎలా సరిపోతుంది? ఇల్లు కట్టరాని స్థలాన్ని 90 శాతం ధరకు కొనేవాడిని నేను ఇప్పటిదాకా చూడలేదు.

లెక్కల మాస్టారు | సోమవారం, సాయంత్రం 6:35

మస్తాన్ గారు లేవనెత్తిన విషయం దగ్గరికి వస్తాను. మన గ్యాసు గుజరాత్ పోతోందన్నది మనకు తీయని బాధ, చెప్పుకుంటే హాయిగా ఉంటుంది. లెక్క మాత్రం వేరు. గాడిమొగకు చేరేది సముద్రంలోది. రాజ్యాంగం 297వ అధికరణం ప్రకారం సముద్రగర్భ సంపద కేంద్రానిది, రాయల్టీ, అంటే తీసినదాని మీద కంపెనీ ప్రభుత్వానికి కట్టే వాటా, కూడా అక్కడికే. నేల మీది బావులైతే రాయల్టీ రాష్ట్రానికి. అంటే శ్రీను గారి మినుము చేలో బావి పడితేనే మనకు వాటా ఎక్కువ. చిత్రం ఏమిటంటే మనం సముద్రపు గ్యాసు కోసం ఉపన్యాసాలు ఇస్తాం, నేల మీది బావి దగ్గర భయపడతాం.

అయితే ఆ రాయల్టీ ఖజానాకు వెళుతుంది, రామాలయం అరుగు దాకా రాదు. సున్నపురాయి, బొగ్గు తవ్వే జిల్లాల్లో గనుల చట్టానికి 2015లో వచ్చిన సవరణ తర్వాత జిల్లా ఖనిజ నిధి వచ్చింది, గని ప్రభావిత ఊళ్లకు అందులోంచి ఖర్చు పెట్టాలి. చమురు, గ్యాసు ఆ గనుల చట్టం పరిధిలోకి రావు. కాబట్టి సున్నపురాయి ఊరికి చట్టం ఇచ్చిన హక్కు గ్యాసు ఊరికి లేదు. కంపెనీ దయతలచి కట్టించే బడి ప్రహరీగోడ, మంచినీటి ట్యాంకు, వాటి మీద పెద్ద అక్షరాలతో పేరు. అంతే.

ఆశల విషయం కూడా చెప్పాలి. సముద్రపు గ్యాసు 2009 ఏప్రిల్‌లో రావడం మొదలై, మరుసటి ఏడాది రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్ల దాకా వెళ్లి, తర్వాత జారిపోయింది. ఆ గ్యాసు వస్తుందని కట్టుకున్న విద్యుత్ కేంద్రాలు మూలపడ్డాయి. కొండపల్లి బొమ్మల కోసం వెళ్లినప్పుడు ఆ పొగగొట్టాలు చూడండి. బొమ్మలు చేసే పొణికి చెక్క దొరకడం కష్టమైందని అక్కడివాళ్లు వాపోతారు, పక్కనే వేల కోట్లు పోసి కట్టిన కేంద్రానికి గ్యాసు దొరకలేదు.

ఆటోనగర్ మస్తాన్ | సోమవారం, సాయంత్రం 6:50

మాస్టారూ, మీరు చెప్పాక ఆ బాధలో తీపి పోయింది.

నాగాయలంక రేవు | సోమవారం, రాత్రి 9:10

విజయవాడ వాళ్లు వస్తే ఏమవుతుందని అడుగుతున్నారు. మాకు వచ్చేసింది. కెయిర్న్ కంపెనీ తవ్వినప్పుడు నాగాయలంకలో చమురు బయటపడింది, తర్వాత ప్రభుత్వ చమురు సంస్థ ఓఎన్‌జీసీ చేతికి వచ్చింది. నా అనుభవం రాస్తాను, మీ లెక్కల్లో కలుపుకోండి.

రిగ్గు వచ్చిన రోజు పండగ. పిల్లలను భుజాల మీద ఎక్కించుకుని వెళ్లి చూశాం, రాత్రి దీపాలతో అది జాతర రథంలా ఉంది. లారీల కోసం కరకట్ట రోడ్డు వేశారు, అవే లారీలు ఆ రోడ్డును తినేశాయి. మా కుర్రాళ్లలో ఐటీఐ చదివినవాళ్లు దరఖాస్తులు పట్టుకుని తిరిగారు. దొరికింది కాపలా పని, జీపు డ్రైవరు పని, కొందరికి వంట పని. రిగ్గు మీద ఎక్కేవాళ్లంతా వేరే రాష్ట్రాల వాళ్లు. డ్రిల్లర్ గారు కోప్పడవద్దు, ఆ పని నేర్పే బడి మా దగ్గర లేదు, అదే మా కోపం.

చెడు జరిగిందా అంటే, పెద్ద ప్రమాదం ఏదీ నేను చూడలేదు. మా చెరువుల్లో రొయ్య చచ్చిపోతే మొదట బావి మీద అనుమానం, తర్వాత పక్కవాడి చెరువు మీద, ఆఖరున మేత అమ్మినవాడి మీద. బోరు నీళ్లు ఉప్పగా మారడానికి బావే కారణమని కొందరు అంటారు. కాలువ చివరి భూములకు నీళ్లు రాక, చెరువుల్లో ఉప్పునీరు నిలబెట్టి మేమే సగం చేశామని నేనంటాను. ఈ మాట ఊళ్లో అన్నందుకు కంపెనీ మనిషినన్నారు. కంపెనీ వాళ్లు నన్ను గేటు లోపలికి ఒక్కసారీ రానివ్వలేదు.

మాకు ఉన్న భయం వేరు. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెన వచ్చినప్పుడు మా తాతగారు తాటిచెట్టు పట్టుకుని బతికారు. దివిసీమలో నేల ఎత్తు అంగుళం తగ్గినా మాకు తెలుస్తుంది. లోపలి నుంచి చమురు, నీళ్లు లాగితే నేల కుంగుతుందా? ఇది ఎవరైనా సూటిగా చెప్పగలరా?

గుంటూరు పరిశోధకురాలు | సోమవారం, రాత్రి 10:25

నేను పర్యావరణ శాస్త్రం చదువుతున్నాను అన్నయ్యా, తెలిసినంత చెబుతాను. 2009లో నేచర్ జియోసైన్స్ పత్రికలో ప్రపంచంలోని 33 డెల్టాల మీద ఒక పరిశోధన వచ్చింది. ఎక్కువ ప్రమాదంలో ఉన్న వరుసలో కృష్ణా డెల్టా ఉంది. చెప్పిన కారణాల్లో కొన్ని: ఎగువన ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోవడం, భూగర్భజలం లాగడం, చమురు, గ్యాసు తీయడం. మన కృష్ణకు పెద్ద కారణం మొదటిదే. శ్రీశైలం, నాగార్జునసాగర్ వెనక మట్టి పేరుకుంటోంది, దివిసీమకు రావలసిన ఒండ్రు అది. నది ఏటా మట్టి తెచ్చి పోస్తేనే డెల్టా నిలబడుతుంది, లేకపోతే తన బరువుకు తానే అణుగుతుంది.

గ్యాసు వల్ల ఎంత కుంగిందన్నది ఊరూరా కొలిస్తే తప్ప తేలదు. ఆ కొలతలు బావి పడకముందు నుంచే మొదలవ్వాలి. బావి పడ్డాక కొలవడం పెళ్లయ్యాక జాతకం చూడటం లాంటిది.

ఇంకో విషయం శ్రీను గారికి పనికివస్తుంది. కేంద్రం 2006లో ఇచ్చిన పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ఇలాంటి పనులకు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. 30 రోజుల ముందు ప్రకటన, తెలుగులో నివేదిక సారాంశం, సభ. 2020 జనవరిలో సవరణ తెచ్చి అన్వేషణ బావులను బీ2 వర్గంలోకి మార్చారు, దాంతో వాటికి సభ అవసరం లేకుండా పోయింది. ఉత్పత్తికి మాత్రం ఇప్పటికీ ఉంది. అంటే వెతికేటప్పుడు మిమ్మల్ని అడగరు, దొరికాక అడుగుతారు. దొరికాక కాదనడం ఎవరి తరం?

గవర్నరుపేట కుర్రాడు | సోమవారం, రాత్రి 10:41

ఇది నాకు తెలియదు. నిన్న నేను రాసిన బస్సుల మాటకు దీనితో ఒక చిక్కు ఉంది. బస్సు ఎక్కాలా వద్దా అన్నది మన ఇష్టం.

అరండల్‌పేట వకీలు | సోమవారం, రాత్రి 11:05

అమ్మాయి చెప్పింది నిజం. అయినా సభలంటే నాకు పెద్ద భ్రమలు లేవు. ఒక సభకు వెళ్లాను, ఏ కంపెనీదో అనవసరం. షామియానా కింద ముందు వరుసలు పొద్దున్నే నిండిపోయాయి, ఒకే రంగు టోపీలు, ఒకే భోజనం పొట్లం. అసలు భూములున్న రైతులు ఎండలో వెనక నిలబడ్డారు. ఒక ముసలాయన మైకు పట్టుకుని, "గొట్టం ఎంత లోతున వేస్తారు?" అని అడిగాడు. ఇంజనీరు కనీసం మీటరు అన్నాడు. "మా ట్రాక్టరు నాగలి ఎంత దిగుతుందో తెలుసా?" అన్నాడు. తెలియదన్నాడు. "మరి అది కొలుచుకుని రా, అప్పుడు చప్పట్లు కొడతాను" అని మైకు ఇచ్చేశాడు. రోజంతటిలో పనికొచ్చిన సంభాషణ అదొక్కటే.

అమలాపురం కోడలు | మంగళవారం, ఉదయం 6:10

నిన్న రాత్రి నిద్ర పట్టక అన్నీ చదివాను. నాదొక చిన్న కోరిక. నగరంలో గొట్టం లీకవుతోందని జనం ముందే చెప్పారు, విన్నవాడు లేడు. మీలో ఎవరి పొలంలోనైనా, వీధి పక్కనైనా గ్యాసు గొట్టం పోతుంటే అక్కడ ఒక పసుపు రాయో, బోర్డో ఉంటుంది. దాని మీద అత్యవసర ఫోను నంబరు ఉంటుంది. ఎవరైనా ఒక్కసారైనా ఆ నంబరుకు చేశారా? ఎత్తుతారా?

కంకిపాడు శ్రీను | మంగళవారం, ఉదయం 9:30

మా చేలో గొట్టం లేదమ్మా. నిన్న సాయంత్రం మళ్లీ వెళ్లాను. తీగలు ఎత్తేశారు. పెద్ద సారు కనిపించారు, మంచి మనిషే, టేపు ఇచ్చి మమ్మల్నే కొలుచుకోమన్నారు. కొలిచేటప్పుడు రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలి కదా, పెదనాన్నే వచ్చి పట్టుకున్నారు. కాకపోతే ఇద్దరూ ఇంకా నేరుగా మాట్లాడుకోలేదు. "మీ నాన్నను టేపు బిగించమను" అని నాతో అన్నారు.

లీజు మాట వస్తే పై మట్టి వాక్యం అడగమని నాన్నకు రాసి ఇచ్చాను. కుంగుదల కొలత సంగతి కూడా.

ఉయ్యూరు చెరకుతోట | మంగళవారం, మధ్యాహ్నం 2:05

ఇన్నాళ్లూ చదువుతూ ఉన్నానే గానీ ఎప్పుడూ రాయలేదు. కోడలుగారి ప్రశ్న చూసి లేచాను. మా చెరకు తోట అంచున గొట్టం పోతుంది, రాయి కూడా ఉంది. అది చాలా ఏళ్లుగా మా అమ్మ పిడకలు కొట్టే రాయి. పక్కన గేదెల పాక, ఎండ బాగా తగులుతుంది, అంతకన్నా మంచి చోటు లేదంటుంది.

పొద్దున వెళ్లి పిడకలు ఒలిచాను. "ఎండలేదురా, విరిగిపోతాయి" అని అమ్మ ఒకటే గోల. కింద పసుపు రంగు, ఎర్ర అక్షరాలు, నంబరు. ఆఖరు అంకె ఉన్న చోట పెచ్చు ఊడిపోయింది. సున్నా నుంచి మొదలుపెట్టాను. సున్నాకు పలకలేదు. ఒకటికి నెల్లూరులో ఎవరో కల్యాణమండపం అనుకుని తేదీ అడిగారు. రెండు, మూడు, నాలుగు లేవు. అయిదుకు ఒక పెద్దావిడ ఎత్తి, నేను వాళ్ల అబ్బాయిననుకుని తిట్టింది. ఆరు లేదు. ఏడుకు ఎత్తారు.

గొట్టం పోయే పొలం నుంచి మాట్లాడుతున్నాను, ప్రమాదం ఏమీ లేదు, నంబరు పని చేస్తోందో లేదో చూస్తున్నాను అన్నాను. అవతలి అబ్బాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత "చైనేజీ ఎంత సార్?" అన్నాడు. అంటే ఏమిటంటే, రాయి మీద కిలోమీటరు అంకె ఉంటుందట, అది చెబితేనే ఎక్కడ ఉన్నామో వాళ్లకు తెలుస్తుందట. అది రాయికి రెండో వైపు ఉంది. ఫోను చెవికి భుజంతో అదిమి పట్టుకుని ఆ వైపు పిడకలు కూడా ఒలిచి చెప్పాను. నంబరులో ఆఖరు అంకె ఊడిపోయిందని చెబితే రాసుకున్నాడు. రంగు వేయడానికి మనిషిని పంపుతానన్నాడు.

ఇంకా రాలేదు. నేనే సుద్దముక్కతో ఏడు వేసి వచ్చాను. అమ్మ పాక వెనక గోడ కడుక్కుంటోంది.